తలుపు దగ్గర మనిషి

కలే ఊళ్లో మా నాటకశాల
ఒకప్పుడు లేసు నేసిన మిల్లు.
ఇప్పటికీ సముద్రం మీంచి వాన పట్టిందంటే
గోడల్లోంచి మరనూనె వాసన దిగుతుంది.

నాటకం మూడున్నర శతాబ్దాల నాటిది.
తనని పెంచిన మంత్రి మరణశాసనం మీద
కుర్ర రాజు సంతకం పెట్టాలి.
అయిదంకాలూ అంతే, ఒక్క సంతకం.

సింహాసనం తీయించి
గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ వేయించింది దర్శకురాలు ఒరెలి.
రాణి మెడచుట్టూ లేసు కూడా వద్దంది.
"ఇప్పటి అధికారానికి అంచులుండవు."

అందరూ పద్యంలోనే మాట్లాడతారు.
పాదానికి పన్నెండక్షరాలు,
ఆరింటి దగ్గర ఊపిరి.
చంపమనే ఉత్తర్వు కూడా లెక్క తప్పదు.

గిస్లాన్‌కి మాత్రం ఒక్క అక్షరమూ లేదు.
కాపలావాడు. తలుపు తీయాలి, వేయాలి.
ముప్పై ఒక్కేళ్లు ఈ కప్పు కిందే
ఏడో నంబరు మగ్గం నడిపి
రెండు చెవులూ దానికే ఇచ్చేశాడు.
అందుకని నా దీపాల గూట్లోంచి
చిన్న నీలం బల్బు వెలిగిస్తాను.
అది చూసి తీస్తాడు.

మొదటి ఆట రోజు
ముందు వరసలో గ్రాంట్లు చూసే పెద్దమనిషి.
తెరసందులోంచి చూసి గిస్లాన్ అడిగాడు:
"ఆ కళ్లద్దాలాయన
ఇదివరకు ఫ్యాక్టరీలు మూయించేవాడు కదూ?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

నాలుగో అంకం. సంతకం అయింది.
రాజు కాగితం పట్టుకుని తలుపు వైపు నడిచాడు.
బల్బు వెలిగించాను.
గిస్లాన్ చూశాడు.
గొళ్లెం మీద చెయ్యి వేశాడు,
తీయలేదు.

ఒకటి. రెండు.
రాజు వేషం కట్టిన బాస్తియాన్ మంచి నటుడు, కదల్లేదు.
కాగితం మాత్రం కాస్త వణికింది.
నాలుగు.
వెనక ఖాళీ కుర్చీ దానంతటదే ఓ చుట్టు తిరిగింది.
అయిదు, ఆరు.
నేనూ ఊపిరి తీసుకున్నాను.
ముందు వరసలో ఎవరో దగ్గారు.
ఎనిమిది.
ఇన్నేళ్లుగా రోజూ చస్తూ వచ్చిన మంత్రి
తెర వెనక బెంచీ మీద
బూటు లేసు కట్టుకుంటూ తలెత్తాడు.
బతుకుతానేమో అన్నట్టు.
పదకొండు.
పన్నెండు.

తలుపు తెరుచుకుంది.

ఆ తర్వాత అంతా రాసినట్టే.
మంత్రి ఎక్కడో లోపల చచ్చిపోయాడు,
ఈ నాటకాల్లో నెత్తురు జనం ముందుకి రాదు.
ఒక దూత వచ్చి నలభై పాదాల్లో చెప్పి వెళ్లాడు.
చప్పట్లు. కళ్లద్దాలాయన లేచి నిలబడి మరీ.

ఒరెలి ఇనప మెట్లెక్కి పైకొచ్చింది.
"ఏమైంది?"
"బల్బు పోయింది" అన్నాను.

కింద గిస్లాన్ తన కోటు తానే వంకెకి తగిలించి
ఆఖరి బస్సుకి పరిగెత్తుతున్నాడు.

మర్నాడు ఒరెలి కొత్తది తెచ్చి తనే బిగించింది.
పాతది నా జేబులో ఉంది.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
తీగ తెగితే గలగలమనాలి.
అనలేదు.