తాళంచెవి

మియాపూర్ చౌరస్తాలో, మెట్రో పిల్లర్ల పక్కన
నలభై అడుగుల ఎత్తున నిలబడ్డాను ఏడు నెలలు.
ఎండకి చెమట పట్టలేదు, వానకి కాటుక కారలేదు.
కుడిచేతిలో తాళంచెవి,
వెనక పద్నాలుగంతస్తుల తెల్లటి ఇల్లు.
"ముందే కట్టండి, సగానికే కొనండి" అని
నా పెదాల పక్కన ఎర్రటి అక్షరాలు.
ఆ మాట నేను అనలేదు.
నవ్వాను, అంతే.

షూటింగు కొండాపూర్‌లో ఒక గోడౌన్లో.
ఇల్లు లేదు. ఆకుపచ్చ గుడ్డ ఉంది.
తాళంచెవి కావాలంటే ఎవరి దగ్గరా లేదు;
మేకప్ ఎల్లేష్ తన స్కూటీది తీసిచ్చాడు,
చివర వేలాడే ప్లాస్టిక్ మామిడికాయ పీకేసి.
"పైలం మేడమ్, డూప్లికేటు లేదు" అన్నాడు.
ఆ రోజు ఆ గోడౌన్లో
నిజంగా దేన్నో ఒకదాన్ని తెరిచే వస్తువు
అదొక్కటే.

జాకెట్టు వదులైందంటే
బోరబండ నుంచి ఆటోలో వచ్చింది కౌసల్యక్క.
నా వీపున పదకొండు పిన్నులు గుచ్చింది.
"ముంగట మంచిగుంది, ఎన్క ఎవరు చూస్తరు" అని
మిగిలిన పిన్నులు పళ్ల మధ్య పెట్టుకునే నవ్వింది.
నా వెనక ఏముందో చేత్తో తడిమిన మనిషి.
అయినా నా మొహాన్ని నమ్మింది.

చిట్టీ ఎత్తింది. మూడు కుట్టుమిషన్లలో రెండు అమ్మింది.
ఆరు లక్షల ఇరవై వేలు.
మాదాపూర్‌లో, ఏసీ గదిలో, చాయ్ ఇచ్చి రసీదు రాశారట.
బ్రోచరు మీద వేలు పెట్టి
"ఈ పిల్ల నాకు తెల్సు" అందట వాళ్లతో.
ఇంకో బిస్కెట్టు పెట్టారట.

బోనాల ముందే ఆ ఆఫీసుకి తాళం పడింది.

నాకు ముట్టింది అరవై వేలు. ఇరవై ఇంకా రావాలి.
ఆ ఇరవైని చూపించి
నేనూ మోసపోయినదాన్నేనని కొన్నాళ్లు చెప్పుకు తిరిగాను.
ఆ మాట కూడా వెనక పిన్నులు గుచ్చితేనే
ఒంటికి అతుక్కుంది.

కోఆర్డినేటర్ దివాకర్ అన్నాడు:
"సబ్బు యాడ్ చేసినమ్మాయి వచ్చి స్నానం చేయిస్తుందా?
చిత్రం ఊహాజనితమని కింద రాశాం కదా."
వెళ్లి చూశాను. రాశారు.
నా కాలి బొటనవేలి పక్కన, చీమల బారులా.
ఆ గోరు మీద పట్టేంత మాట.

తొమ్మిదేళ్లుగా గాజులకి నవ్వాను, పళ్లపొడికి నవ్వాను,
గోధుమపిండికైతే రెండుసార్లు.
మా అమ్మ కొనే పిండి వేరే కంపెనీది.

నిన్న బోరబండ వెళ్లాను.
మిషన్లు ఉన్న చోట నేల మీద
నాలుగు నాలుగు గుండ్రటి మచ్చలు.
రేకులు కారకుండా పైన పాత ఫ్లెక్సు కప్పారు.
నాదో, ఇంకెవరిదో, సందులోంచి
ఒక మోచెయ్యి కనిపిస్తోంది తలకిందులుగా.
ఆమె దాన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు.
కాజాలు కుడుతూ అడిగింది:
"ఆ చాబీ ఏ ఇంటిదమ్మా?"

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, తేలికయ్యేది.

తాళం తీసేదాన్ని కూడా చెవి అంటాం మనం.
అరచేతిలో చెవి పట్టుకుని
పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడ్డదాన్ని
ఒక్క ప్రశ్న వినలేదు, ఒక్కటీ అడగలేదు.
ఎవరి స్థలం? ఎవరి సంతకం?
గడ్డం కొంచెం పైకి ఎత్తాలా అని మాత్రం అడిగాను.

"ఎల్లేష్ స్కూటీది అక్కా."
సూది ఆగింది.
చాలాసేపటికి, "స్టార్టయితదా అది?" అంది.
అవుతుందన్నాను.

సోమవారం పోలీస్ స్టేషన్లో నా వాంగ్మూలం.
ఆ స్కూటీ మీదే వెళ్తున్నాం ఇద్దరం.
ఎల్లేష్ మామిడికాయ మళ్లీ తగిలించాడు.
గుంతల్లో బండి ఊగినప్పుడు
వెనక నుంచి ఆమె చెయ్యి నా భుజం మీద పడుతుందో,
సీటు అంచునే పట్టుకుంటుందో.