నలభై ఒకటో చుక్క

కువోపియోలో ఫిబ్రవరి. సరస్సు మీద కార్లు నడుస్తున్నాయి.
ఆసుపత్రి నేలమాళిగలో ఇల్మి హుకానెన్
పొద్దున ఆపరేషన్ గది నుంచి పరుగున తెచ్చిన
గోరంత మెదడుని
అయిదు వెంట్రుకల మందాన కోసి
ఉప్పునీళ్ళలో బతికిస్తోంది.
బుడగలు, బుడగలు. దానికి అదే ఊపిరి.

కాగితం మీద పేరు లేదు.
ఆడ, ముప్పైనాలుగు. ఒకప్పుడు బస్సు నడిపేది.
తొమ్మిది మందులు మింగింది,
జబ్బు ఆ తొమ్మిదింటినీ మింగింది.

అంగీకార పత్రంలో, సందేహాలుంటే రాయండి అన్నచోట
పెన్సిలుతో ఒకటే వాక్యం:
*అక్కడ ఉండేది ఇంకా నేనేనా?*
జవాబుకి ఏ ఫారంలోనూ గడి లేదు.

రాత్రి పదకొండింటికి తెర మీద గీత
ఉన్నట్టుండి పళ్ళు కొరికింది.
కొట్టుకోవడానికి కాళ్ళు లేవు,
నురగకి నోరు లేదు,
అయినా వచ్చింది ఫిట్టు, వేళ తప్పని చుట్టంలా.
మా వైపైతే ఎవరో ఒకరు తాళాలగుత్తి అందుకునేవాళ్ళు.
పెట్టడానికి దీనికి చెయ్యేదీ?

కుర్చీ జరిపి, నలభై ఒకటో సీసా అందుకుంది ఇల్మి.
సీసాలకీ పేర్లు లేవు, అంకెలే.
ఇంతకుముందువి కొన్ని గీతని కాసేపు బుజ్జగించాయి,
చాలావాటికన్నా మంచినీళ్ళు నయం.

ఒక చుక్క.

ఆగింది.
నాలుగు నిమిషాలు. పదకొండు. ఇరవై.
గీత బయటి సరస్సులా పడుకుంది.
ఆమె లేచి, ఆ వేళప్పుడు ఎవరికి చెప్పాలో తెలీక
ఫ్రిజ్ తలుపుకి చెప్పింది.

అప్పుడు వినపడింది,
బుడగల చప్పుడు లేకపోవడం.
కుర్చీ చక్రం కింద గొట్టం నలిగి ఉంది.
ఆగింది జబ్బు కాదు.

పుస్తకంలో రాసింది: చెల్లదు.
పక్కన టైము, తన పొడి అక్షరాలు.
పారేసే డబ్బా పసుపుపచ్చది. మూత తెరిచి
చిన్న గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడిందో,
పెన్సిలు వాక్యానికి
ఇప్పుడు ఇంకో ప్రశ్న తోడైంది.

పై అంతస్తులో తలకి కట్టుతో ఒకామె
నిద్ర పట్టక
మొదటి బస్సు ఎన్నింటికని నర్సుని అడుగుతోంది.

కింద ఇంకో ముక్క మిగిలుంది.
ఇల్మి కూర్చోబోయి,
ముందు వంగి
గొట్టం చూసుకుంది.