నూతిలో ఆగిన ఎరుపు

డిస్టిల్డ్ వాటర్ యూనిట్లో కాయిల్ మాడి
ఇవాళ్టికి పదకొండు రోజులు.
అమలాపురంలో దొరకదు, కాకినాడ నుంచి రావాలి.
తేవాల్సిన మనిషి ఫోనెత్తడు.
నూకరత్నం క్యాను నింపి పెట్టింది.
ఎక్కణ్ణించి అని నేనడగలేదు.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

బఫర్ కలిపాను.
సముద్రపు నాచు నుంచి తీసిన పొడి మరిగించి
ట్రేలో పోసి, దువ్వెన గుచ్చి,
గడ్డకట్టాక లాగితే
ఎనిమిది బుల్లి నూతులు.
ఒక్కో నూతిలో ఒక్కో చుక్క బంగారం.
పచ్చగా కాదు, దానిమ్మ రసంలా.
అంత చిన్నదైపోయాక బంగారానికి
తన రంగు గుర్తుండదు.

ఒంటి నిండా రుణావేశం చుట్టుకున్న రేణువులు,
ఎర్ర తీగ వైపు పరుగెత్తాలి.
వంద వోల్టులు. స్విచ్చి.

నలభై దగ్గర నిలవాల్సిన కరెంటు
రెండొందలు దాటింది.
సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను.
ఇంత పారుతోందంటే
నా బంగారం ఎంత దూరం పోయిందో అని.

అరగంటకి మూత లోపల చెమట.
జెల్ ఒక మూల మెత్తబడి కుంగింది.
రేణువులు నూతి గట్టు దాటలేదు.
ఎరుపు పోయి
నేరేడుపళ్ళు తిన్న నాలుక రంగు.

"ఏ నీళ్ళు, నూకరత్నం?"
"బోరు నీళ్ళేనండి. గుడ్డేసి వడగట్టేనండి, ఆయ్."

వడగట్టిందే. గుడ్డకి ఉప్పు చిక్కదు.
మీటరు ముంచాను.
ఆరొందల మైక్రోసీమెన్సు ఉండాల్సిన చోట
నాలుగున్నర వేలు.
కాలేజీ వెనక చేపల చెరువులు,
వాటి వెనక రొయ్యల చెరువులు,
వాటి వెనకున్నది
నేల అడుగున నడిచి మా బోరు దాకా వచ్చింది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్ళకి
ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.
మోటారు సైకిళ్ళు, మేకలు, పెళ్ళివారు, మంచుపెట్టెలు,
అంతా కదలికే, అంతా కేకలే.
నెత్తిన గంపతో ఉన్న మనిషి మాత్రం
ఎక్కిన చోటే నిలబడి ఉంటుంది.
ఉప్పు ఆ జనం.
కరెంటంతా తనే మోసుకుపోయి
మనకి వేడి మిగులుస్తుంది.
పైగా రేణువు చుట్టూ ముసిరి
దాని ఆవేశం బయటికి తెలియనివ్వదు.
ఒకదాన్నొకటి దూరంగా ఉంచిన కోపం అది.
అది చల్లారితే దగ్గరికి జరుగుతాయి,
అంటుకుంటాయి, బరువెక్కుతాయి,
ఇక ఎక్కడికీ పోవు.

మర్నాడు బ్యాటరీల కొట్టు సింహాద్రి దగ్గర
అయిదు లీటర్లు అరువు.
ఉప్పు మీద కసితో బఫర్ మరీ పలచన చేశాను.
పరుగెత్తాయి, నిజమే.
ముగ్గు మీంచి సైకిలు పోయినట్టు
గీత గీతలా లేదు.
మూడోసారి, కాస్త తగ్గి, కాస్త ఉంచి.
గంటకి మూడు సెంటీమీటర్లు.
సన్నగా, తిన్నగా, ఎర్రగా.

ఆదివారం ఓడలరేవు వెళ్ళాను, ఊరికే.
వైనతేయ బురదరంగులో వచ్చి
నీలాన్ని తాకే చోట ఒక వంకర గీత.
ఆ బురద రేణువులకీ రుణావేశమే.
ఎక్కడి కొండల నుంచో
ఒకదాన్నొకటి తాకకుండా ఇంత దూరం వచ్చి
ఇక్కడ, ఈ ఉప్పులో,
ఆవేశం దిగి, గుంపులై, అడుగుకి చేరతాయి.
ఏళ్ళకేళ్ళు.
నేను నిలబడిన నేల అదే.
కొబ్బరిచెట్లు, లంకలు, మా కాలేజీ మూడో అంతస్తు,
అందులో నా టేబులు,
అన్నీ నూతి దాటని రేణువుల మీదే.

సోమవారం నేరేడురంగు జెల్ పారెయ్యనివ్వలేదు.
గాజుపళ్ళెంలో ఎండుతోంది.
కాయిల్ ఇంకా రాలేదు.
నూకరత్నం కొత్త క్యాను తెచ్చి టేబులు పక్కన దించింది.
"నాలిక మీదేసి చూసేనండి. చప్పగా ఉన్నాయండి."

మీటరు ముంచాను.
మూడు మైక్రోసీమెన్సు.
ఏమీ అనకుండా
క్యాను మీద తారీకు, పక్కన ఆమె పేరు రాశాను.