ఇరవై తొమ్మిదో తారీఖు

జీతం చిల్లరగా మిగిలే ఈ రోజున
మొంతెవిదెయోలో ఊరంతా న్యోకీలే తింటుంది.
ఉడికించిన బంగాళాదుంప, గుప్పెడు పిండి,
బొటనవేలితో నొక్కిన చిన్న గుంట.
పళ్ళెం కింద నోటు పెట్టుకుంటే
వచ్చే నెలంతా చేతిలో డబ్బాడుతుందట.
నలభై ఏళ్ళుగా పెడుతున్నాను.
ఆడిందీ లేదు, నేను మానిందీ లేదు.

పొద్దున ఆరున్నరకి
పైసాందూ బస్సు దిగాడు మా తమ్ముడు హెబెర్.
ఒక చేతిలో కంటి డాక్టరు చీటీ,
ఇంకో చేతిలో తేనె సీసా, చంకలో ఫ్లాస్కు.
ఎలా ఉన్నావక్కా అనడానికి ముందే
"పాసయిందా?" అన్నాడు.
"ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు."
పింఛను బిల్లు మీద పార్లమెంటు తెల్లవార్లూ మేలుకుంటే
రేడియో పక్కలో పెట్టుకున్న నాకు మాత్రం నిద్రెక్కడిది?

వంటింట్లో మాతే కలిపాను.
ఒకే బుర్ర, ఒకే గొట్టం,
చెయ్యీ చెయ్యీ మారి మూడు చుట్లు తిరిగింది.
మాతే మారినట్టు మాట మారదు మా ఇంట్లో.
వాడి పార్టీ వాడిది, నాది నాది,
అమ్మ కడుపులోనే వాటాలు వేసుకున్నట్టు.

మధ్యాహ్నం నిబియా పిన్నిని వెంటబెట్టుకుని
మూలమీది హోటలుకి వెళ్ళాం.
ఎనభై ఆరేళ్ళు. లిప్‌స్టిక్ లేనిదే గడప దాటదు.
మెనూ కార్డు తిరగేసి, మళ్ళీ తిరగేసి,
అప్పుడే కనిపెట్టినట్టు న్యోకీలే చెప్పింది.

గోడమీది టీవీకి గొంతు నొక్కేశారు.
సూటు తొడుక్కున్న నోళ్ళు
గాజుతొట్టిలో చేపల్లా తెరుచుకుని మూసుకుంటున్నాయి.
"మీవాళ్ళు చూడు, కునుకు తీస్తున్నారు" అన్నాడు హెబెర్.
"మీవాళ్ళు మేలుకుని వెలగబెట్టిందేంటి?" అన్నాను.
పక్క బల్లాయన ఫోర్కెత్తి నాకు మద్దతిచ్చాడు.
ఆయన భార్య ఆ ఫోర్కుని దించింది.
దార్దో రొట్టెల బుట్ట తెచ్చి సరిగ్గా నడిమధ్య పెట్టాడు.
ఇరవై ఏళ్ళుగా మాకు వడ్డిస్తున్నాడు.
అతని ఓటెటో అందరికీ తెలుసు,
ఎవరూ అడగరు.

హెబెర్ కాగితపు రుమాలు మీద లెక్క వేశాడు.
పద్దెనిమిదో ఏట మాంసం ఫ్యాక్టరీలో పట్టిన కత్తి,
ఇంకా మూడేళ్ళు. బిల్లు పాసైతే ఐదు.
బిల్లు వాడి పార్టీదే.
"కళ్ళు ఒప్పుకోవాలి కదా" అన్నాడు,
ఈసారి టీవీ వంక చూడకుండా.
వేడివేడిగా ఒక జవాబు నా నోటిదాకా వచ్చింది.
న్యోకీ ఒకటి పెట్టి మూసేశాను.

టీవీలో చేతులు లేచాయి.
హోటల్లో ఫోర్కులు ఆగాయి.
పిండి చేతులతో వంటావిడ కూడా బయటికొచ్చి నిలబడింది.
అప్పుడే పరుపుల ప్రకటన!
బల్లల వెనక ఎవరో ఫోనులో చూసి
"పాసయింది" అన్నారు.
ఒకాయన చప్పట్లు కొట్టబోయి
చేతులు తుడుచుకున్నాడు.
హెబెర్ ఇంకో ముద్ద తిని
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

పళ్ళేలు తీస్తుంటే,
నా కింద వంద పెసోలు,
పిన్ని కింద నోటు కాదు, మడతలు పడ్డ పసుప్పచ్చ కాగితం.
ఎప్పుడో ఓడిపోయిన జాబితా.
అడుగునుంచి రెండో పేరు బాబాయిది.
"డబ్బు కదా పిన్నీ పెట్టాల్సింది?"
"ఏది తిరిగి రావాలో అది పెట్టుకున్నాను."
దాని మీద సాస్ మరక పడింది.
ఆ జాబితాకి చచ్చినా ఓటెయ్యని దార్దో
తన ఏప్రన్ కొసతో అద్ది, పాత మడతల మీదే మడిచి,
ఆమె చేతిసంచిలో పెట్టాడు.

బిల్లొచ్చింది. తినుబండారాలది.
నేనంటే నేనని కాసేపు పెనుగులాట.
హెబెర్ తన పళ్ళెం కింది నోటు తీసి
దీపానికి పట్టి, దగ్గరికి తెచ్చి, దూరం జరిపి
"వెయ్యి కదూ ఇది?" అన్నాడు.
"వెయ్యే" అన్నాను.
వంద అది.
మిగతాది నేనిస్తానని దార్దోకి కళ్ళతో చెప్పాను.
అతను తల తిప్పేసుకుని
టీవీ కట్టేశాడు.