మలుపులో కటకట

గుత్తి రోడ్డు, మే నెల,
రేకుల కింద ఎర్ర కారు.
సూటిగా పోతే పలకదంట.
యూ టర్న్ కాడ మాత్రం
వెనక ఎవరో పండ్లు పటపట కొరుకుతాండారంట.

హుసేనప్ప నట్టు విప్పినాడు.
గంధకం కంపు.
చుక్క నూనె రెండు వేళ్ల నడుమ
చానాసేపు నలిపి
"ఎవడు పోసినాడ్రా ట్రాక్టర్ నూనె?"

లోపలి చక్రానికి తక్కువ దోవ,
బయటిదానికి ఎక్కువ.
ఆ రెంటి పంచాయితీ తెంచే పండ్లు ఇవి.
మరీ జారితే తీర్పు నిలబడదు,
మరీ పట్టితే అరుస్తాయి.

పుస్తకంలో తొంభై అని ఉంటాది,
అది చలిదేశం లెక్క.
మన ఎండకు నూటనలభై,
క్లచ్ ప్లేట్లకు ఇంకో చిన్న సీసా మందు.
రెండూ బెంగుళూర్లోనే.

"ఉన్నదే పోసెయ్‌న్నా, పోవాల."

డబ్బా మూత బిగించి,
కారు తాళం జేబులో ఏసుకొని
టీకి పోయినాడు హుసేనప్ప.