ఆరు నిమిషాలు

వార్డు వరండాలో అటొక కుర్చీ, ఇటొక కుర్చీ.
మధ్యన ఆరు నిమిషాలు నడవమంది జెస్సీ మేడం.
"ఆగితే ఆగు. వాచీ మాత్రం ఆపను."

హార్బర్లో ఐసు దిమ్మలు మోసినోణ్ణి, నవ్వొచ్చింది.
మూడో నిమిషానికి గోడ పట్టుకున్నాను.
డీజిల్లో నీళ్లు కలిసిన బోటింజను దగ్గినట్టు
లోపల గుండె.

ఇప్పుడు తెల్లారగట్ల, బళ్లు ఆపేసిన బీచి రోడ్డు మీద
మందు మానినోళ్లం అయిదుగురం.
ఎల్లాజీకి బూట్లు బిగుతు. అప్పన్నకి అసలు బూట్లే లేవు.
సెంటు వాసనతో దాటిపోతారు జాగింగు బాబులు.
మాది ఒట్టి చెమట వాసన.
ఒట్టిదే! అని
ఒకరి చొక్కా ఒకరం వాసన చూసి నవ్వుకుంటాం.

సబ్‌మెరైను దగ్గర ఆగి
మణికట్టు మీద రెండు వేళ్లేసి లెక్కెడతాం.
నూట పన్నెండు. కాసేపు కూర్చుంటే తొంభై ఆరు.
పోయిన నెల ఇంత తొందరగా దిగేది కాదు.

ఆరోవాడు గరగయ్య, నాలుగో వారం రాలేదు.
తాగలేదు, పాపం. పడుకున్నోడు లేవలేదు.
మానేసినా పాత బాకీ గుండే కడుతుందట.

ఆ సాయంత్రం జాలరిపేట మలుపులో
షాపు వెలుగు ముందు కాళ్లు ఆగేయి.
ఎంతసేపో తెలీదు.
వాచీ ఆగలేదు.

గోడ వదిలాను.