పదిహేడో సొరుగు

సొరుగు లాగితే ముందు కలరా ఉండల వాసన.
దాని వెనక, చచ్చి నలభై ఏళ్లైనా
కంపునల్లుల ఘాటు.
నిజంగా ఉందో, నా ముక్కుకి అలవాటో!

సూది గుచ్చిన ప్రతి పురుగు కిందా గోరంత కాగితం.
'సింహాచలం కొండ. కానుగ. దీపం దగ్గర, రాత్రి.'
రాసినాయన చెయ్యి 'కానుగ' దగ్గర వణికింది.
చలో, దోమో,
ఆ సంగతి కాగితంలో పట్టలేదు.

హుద్‌హుద్ నాడు ఈ గది కిటికీ ఎగిరిపోయి
సముద్రం సొరుగుల్లోకి ఉప్పు చల్లింది.
కొన్ని పేర్లు కరిగాయి, కొన్ని కాళ్లు ఊడాయి.
అటెండరు సన్యాసప్పడు దూదితో ఒక్కోదాన్నీ ఒత్తి
ఊడిన కాళ్లు ఏరి అగ్గిపెట్టెలో దాచాడు.
"ఏ కాలు ఏ పురుగుదో నువ్వే సూసుకోవాలమ్మా."
అప్పట్నుంచీ అదే చూసుకుంటున్నాను.

మీసానికి కణుపులు ఐదు.
వీపు మీద ముక్కోణపు డాలు.
ముక్కు సన్నగా ఉంటే ఆకు రసం తాగేది,
బలిసి ఉంటే గొంగళిని పొడిచేది.
పొడిచేదాని ముత్తవ్వలూ ఒకనాడు ఆకునే నమ్ముకున్నారు;
ఏ కరువు పూట దారి మళ్లారో
ఈ ముక్కు లావుని చూసి ఊహించాలి.

చెట్టు గీస్తాను.
కొమ్మ, రెమ్మ, ప్రశ్నార్థకం, మళ్లీ కొమ్మ.
మొన్న ఒక కాలు నలిపి చదివించాం:
నాలుగే అక్షరాలు, గుణింతం లేని రాత.
ఇన్నేళ్లూ పక్కపక్కన గుచ్చిన ఆకుపచ్చ జంట
అక్కాచెల్లెళ్లు కారట!
ఒకే ఆకు చాటున దాక్కుని దాక్కుని
ఒకే పచ్చదనం తెచ్చుకున్న ఇరుగుపొరుగట.
అసలు చెల్లెలు నాలుగు సొరుగుల అవతల
బెరడు రంగు కట్టుకుని
'ఇతరములు' అన్న చీటీ కింద కూర్చుంది.
వేలుతో దుమ్ము తుడిచి
చాలాసేపు చూస్తూండిపోయాను.

మా అమ్మ, సూరాడ బంగారమ్మ,
ఫిషింగ్ హార్బర్ నుంచి పూర్ణా మార్కెట్‌కి
ఎండు నెత్తళ్ల తట్టతో ఆటో ఎక్కితే
జనం జరిగేవాళ్లు.
చోటివ్వడానికని చిన్నప్పుడు అనుకునేదాన్ని.
బడిలో నా బెంచీ కూడా చాలా పొడుగ్గా ఉండేది.

ముక్కు మూసుకున్నవాళ్లు పెట్టిన పేరుతోనే
ఈ పురుగూ పుస్తకాలకెక్కింది.
దాని మట్టుకు దానికది
పిట్టతో చెప్పే ఒక గట్టి మాట,
పక్క ఆకు మీది పిల్లలకి 'దూకండర్రా' అనే కేక.
వాసన పట్టుకుని వంశం కట్టబోతే
కొత్తిమీర కూడా దీనికి మేనత్తే అవుతుంది.
రెండింట్లోనూ దగ్గర దగ్గర ఒకటే ఘాటు.
చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది:
"అయితే పులుసులో ఏసీమంటావేటే?"

కానుగ మీద ఉండే గుండ్రటిది
గుడ్ల పక్కన గోధుమరంగు మూటలు పెట్టి పోతుంది.
కంటికానని జీవాలు ఆ మూటలో.
పొదిగిన పిల్ల మొదట దాన్నే పీలుస్తుంది,
లేకపోతే ఎదగదు.
ఆ జీవాలకీ ఒక చెట్టు గీసి
పురుగుల చెట్టు మీద ఆనిస్తే
కొమ్మ కొమ్మకీ కుదిరింది.
సద్దిమూటకీ వంశం ఉంటుందని ఎవరనుకున్నారు?

నిన్న సందలేళ అమ్మ ఫోను.
"వలల మీద ఏదో వాలిందే, డాలు మీద మూడు సుక్కలు.
నీదేనేమోనని గాజుసీసాలో ఏసేను.
సెయ్యంతా కంపు."
తెచ్చాను. కణుపులు లెక్కపెట్టాను. ఐదే.
మిగతాది ఏ కొమ్మకీ ఆనడం లేదు.

గోరంత కాగితం కత్తిరించి రాశాను:
'విశాఖపట్నం, జాలారిపేట. ఆరబెట్టిన వల మీద. సాయంత్రం.
సేకరణ: సూ. బంగారమ్మ.'
పేరు దగ్గర నా చెయ్యీ వణికింది.
ఈసారీ కారణానికి కాగితంలో చోటు లేదు.

అగ్గిపెట్టెలో ఇంకా మూడు కాళ్లున్నాయి.